ఆరు దినాలు ఎక్కువ

నవంబరు 17, సోమవారం

నా తొమ్మిదో తరగతికి ఇవాళ కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టాను. యుద్ధం ఎందుకు మొదలైందో ఏ గైడులోనైనా ఉంటుంది. ఎలా ముగిసిందో మాత్రం పిల్లలే కాగితాలు చూసి చెప్పాలి. 1971 డిసెంబరు 16 సాయంత్రం 4.31కి ఢాకాలో సంతకాలు పెట్టిన లొంగుబాటు పత్రం ముప్పై ఒక్క జెరాక్సులు తీసి పంచాను. ఒకే ఒక్క పేజీ. అన్ని వేలమంది ఖైదీలైపోయారు, ఒక దేశం పుట్టింది, అంతా ఒక పేజీలో. హెచ్.ఎం. చక్రధర్ సార్‌కి ఇది పేపర్ వేస్టుగా కనిపించింది. అయినా అడ్డుపడలేదు, డిపార్టుమెంటు యాప్‌లో పెట్టడానికి ఫోటో కావాలి ఆయనకి.

బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశాను. ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరికి రాశారు? ఎందుకు రాశారు? ఏ కాగితాన్నయినా ఈ నాలుగూ అడిగి తీరాలన్నాను. మనుషులు మరిచిపోతారు, కలిపి చెబుతారు, కాగితం అలా చెయ్యదు అన్నాను. నిస్సీ ఆ మాటను ఎర్ర పెన్నుతో రాసుకుంది. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్ల. నేను తుమ్మినా నోట్సులో రాసుకుంటుంది.

వెనక బెంచీలోంచి కోమలి లేచింది. జూన్ నుంచి ఆ పిల్ల నోరు తెరవడం ఇదే మొదటిసారి. నాలుగూ ముప్పై ఒకటికి సంతకం పెడితే, నాలుగూ ముప్పై రెండుకి సిపాయిలు ఏం జేసినారు టీచర్ అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక, మంచి ప్రశ్న, రాసి పెట్టుకో అన్నాను.

నవంబరు 18, మంగళవారం

ఇంట్లో ఉన్న పాత కాగితం ఏదైనా తెమ్మంటే ఇరవై ఆరు మంది ఆధార్ కార్డు తెచ్చారు.

నవంబరు 20, గురువారం. లీజర్ పీరియడ్.

కోమలి స్టాఫ్ రూమ్ గడప దగ్గర నిలబడి గోడ గీరుతూ చెప్పింది. వాళ్ల పెద్దవ్వ మొగుడు ఆ యుద్ధంలోనే పోయాడట. పేరు సుబ్రమణ్యం. కోమలి తాత కోదండానికి అన్న. మిలిటరీ నుంచి వచ్చిన టెలిగ్రాం ఇంట్లోనే ఉండాది టీచర్, పసుపు గుడ్డలో సుట్టి దేవుని గూట్లో పెట్టుండాది, పెద్దవ్వ ఎవుర్నీ తాకనీదు అంది. ఏటా డిసెంబరు పదహారున గూట్లోంచి తీసి, గుడ్డకే కుంకుమ పెట్టి, పెద్దలకు పెట్టే అన్నం పెట్టి, మళ్లీ లోపల పెట్టేస్తుందట. పెద్దవ్వకి చదువు రాదు. అప్పట్లో చదివి వినిపించింది తాతే.

యాభై నాలుగేళ్లుగా విప్పని కాగితం! నాకు అన్నం సయించలేదు. నా ఉత్సాహానికి నాకే నవ్వొచ్చింది.

నాకీ కాగితాల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మా నాయన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజే పుట్టానని అందరికీ చెప్పుకునేవాడు. డిగ్రీ చదివేటప్పుడు నేను ఆయన స్కూల్ రికార్డు తీయించి చూశాను. జూలై ఒకటి, 1946. భోజనాల దగ్గర అందరి ముందూ చెప్పాను. ఆ తర్వాత నాయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను గెలిచానని చాలా ఏళ్లు అనుకున్నాను.

నవంబరు 23, ఆదివారం

తిరుపతి నుంచి పుత్తూరు బస్సెక్కి వడమాలపేటలో దిగి, అక్కడినుంచి ఆటోలో కోమలి వాళ్లింటికి వెళ్లాను.

పెద్దవ్వ పేరు మునిరత్నమ్మ. డెబ్భై మూడేళ్లట. అరుగు మీద అనపకాయలు వలుస్తూ ఉంది. ఆ అరుగు మీద కూర్చుంటే ఎదురుగా తిరుమల కొండ వరస అంతా కనిపిస్తుంది. ఆమె మాత్రం కొండకి వీపు పెట్టి కూర్చుంది. నేను కొండ వైపు కూర్చోబోతే, నువ్వు సూసుకో మేడం, నేను సూడను అంది.

అడగకుండానే చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు యుద్ధం వచ్చె. యుద్ధం నిల్చిపోతే తల ఇస్తానని ఆ స్వామికి మొక్కుకోనింటి. నిల్చిపోయిందని రేడియోలో జెప్పినారు. మా యత్త మూడు కత్తెర్లు జుట్టు ఇచ్చేసి రా సాలు, మొగుడు బతికుండే ఆడది నున్నగా గొరిగించుకోగూడదనె. నేను ఇన్లా. ఆదివారం అలిపిరి మెట్లెక్కి పోయి తల మొత్తం ఇచ్చేసినా. వారం దినాలకి టెలిగ్రాం వచ్చె. సూస్తే మనిషి గురువారమే పోయినాడు, యుద్ధం నిల్చిన దినమే. పోయిన మనిషి కోసరం నా తల తీసుకున్న్యాడే ఆ స్వామి, తెలిసీ తీసుకున్న్యాడే మేడం. అప్పుట్నుంచి నేను కొండెక్కలా.

అలా చెబుతూనే అనపకాయలు వలిచింది. చేతులు ఆగలేదు. అంత కోపాన్ని అంత మామూలుగా చెప్పే మనిషిని నేను చూడలేదు.

డిసెంబరు పదహారున స్కూల్లో చిన్న కార్యక్రమం పెడతాం, మీరు రావాలి, ఆ టెలిగ్రాం మీ కోమలి మైకులో చదువుతుంది అన్నాను. ఇన్నేండ్లలో ఆయన్ని గురించి అడిగిన మొదటి మనిషివి నువ్వే అంది. వస్తానంది. అప్పుడు సదివింది చెవిలో పడింది గానీ తలకెక్కలా, ఇంగొకసారి ఇంటా అంది.

అప్పుడే కోదండం వచ్చాడు. భుజాన టవలు, మోకాళ్ల దాకా బురద. విషయం వినగానే, ఆ కాగితం విప్పితే పొడుమైపోతాది మేడం, వొద్దు అన్నాడు. మునిరత్నమ్మ అతని వైపు తిరిగి, పోతే పోనీ కోదండా, నేనూ పొడుమయ్యేదాన్నే గదా అంది. అతను కాళ్లు కడుక్కోకుండానే మళ్లీ బయటికి వెళ్లిపోయాడు.

నవంబరు 24, సోమవారం

హెచ్.ఎం. బ్యానర్‌కి ఆర్డరిచ్చేశారు. అందులో సుబ్రమణ్యం ఫోటో కంటే ఆయన ఫోటో పెద్దది.

నవంబరు 29, శనివారం. సాయంత్రం 5.15.

కోదండం బస్టాపులో నా కోసం కాచుకుని ఉన్నాడు. టెలిగ్రాం చదివించొద్దని మళ్లీ అడిగాడు. ఎందుకని అడిగితే, పాత కాగితం అంటాడు, వదినకి గుండె బాగలేదంటాడు, రెండూ నమ్మేలా చెప్పడం చేతకావడం లేదు. నాకు చిరాకేసింది. అది ఒక జవాను ఆఖరి కాగితం, దాన్ని దాచిపెట్టే హక్కు ఎవరికీ లేదండీ అని ఉపన్యాసం దంచాను. బస్సు వచ్చింది. ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే టవలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

అన్న పారిపోయాడేమో, దాన్ని ఇంట్లోవాళ్లు కప్పిపెట్టారేమో అని దారంతా ఊహించుకుంటూ వచ్చాను. సిగ్గులేకుండా అది మరీ మంచి పాఠమవుతుందనుకున్నాను.

డిసెంబరు 3, బుధవారం

పెద్దవ్వ నీళ్లు పోసుకునేటప్పుడు కోమలి గుడ్డ విప్పి టెలిగ్రాంని ఫోన్లో ఫోటో తీసింది. ప్రేయర్ అయిపోగానే నాకు చూపించింది.

పారిపోలేదు. యుద్ధంలోనూ పోలేదు. పడమటి సరిహద్దులో పదిహేడు రాత్రి కాల్పులు ఆగిపోయాక, మనవాళ్లే పాతిన మందుపాతరలు తీస్తుండగా ఒకటి పేలింది. తేదీ స్పష్టంగా ఉంది. 22 డిసెంబరు. పదహారు కాదు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఉన్నదున్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను. కోమలీ, నీ ప్రశ్నకి జవాబు మీ ఇంట్లోనే ఉందే, నాలుగూ ముప్పై రెండుకి వాళ్లు మందుపాతరలు తీయడం మొదలుపెట్టారు అన్నాను. రెండో పీరియడ్‌లో బోర్డు మీద పెద్ద అంకెలతో 16 వేసి, బాణం గుర్తు పెట్టి, 22 వేశాను. సంతకం పెట్టినంత మాత్రాన యుద్ధం ముగియదు పిల్లలూ, ఇదిగో సాక్ష్యం, ఇంట్లోవాళ్లకి గుర్తున్న తేదీ తప్పు, కాగితంలో తేదీ ఒప్పు అన్నాను. పిల్లలు కోమలికి చప్పట్లు కొట్టారు. కోమలి మాత్రం చప్పట్లు కొట్టే చేతుల్ని చూస్తూ నిలబడింది.

డిసెంబరు 5, శుక్రవారం. మధ్యాహ్నం 3.40.

కోదండం స్కూలుకే వచ్చాడు. వరండాలో కుర్చీ వేయిస్తే కూర్చోలేదు. స్తంభం పట్టుకుని చెప్పాడు. విన్నది విన్నట్టు రాసుకుంటాను.

నాకప్పుడు పద్నాలుగేండ్లు మేడం, తొమ్మిదో తరగతి. మా వీదికంతా ఇంగ్లీషు అచ్చరాలు తెలిసినోణ్ణి నేనే. ఇరవై ఏడో తేదీ తపాలాయన టెలిగ్రాం తెచ్చి నా చేతికిచ్చె. ఈ పక్క మాయమ్మ. ఆ పక్క మా వదిన, కొత్త గుండు, దాని మింద ఇంగా గందం గూడా పోలేదు. వదిన గుండుతో దిగొచ్చినప్పట్నుంచీ మాయమ్మ ఒకే పాట. మొగుడు బతికుండంగా బోడిగుండు జేసుకోనొచ్చింది, ఈ ఇంటికి ఏం మూడతాదో అని. కాగితంలో సూస్తే ఇరవై రెండు. వదిన తల ఇచ్చింది పందొమ్మిది. నేను ఆడనే లెక్కేసుకున్న్యా మేడం. ఇరవై రెండని జెప్తే మాయమ్మ వదిన్ని బతకనీదు. ఊరు బతకనీదు. వదినే బతకదు. నా నోట్లోంచి పదహారని వచ్చేసె.

అంటే, చనిపోయినవాడి కోసం తల ఇచ్చింది, పాపం అనిపించుకుంది. తల ఇచ్చి మొగుణ్ణి చంపుకుంది అనిపించుకోలేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు రెండు అంకెలు మార్చి ఆమెను కాపాడాడు.

అమ్మ చౌడేశ్వరమ్మ పోయాక చెప్పేద్దామనుకున్నాడట. అప్పటికి ఇరవై మూడేళ్లయిపోయాయి. ఏ దినమని జెప్పేది మేడం, ఏ మొగంతో జెప్పేది అన్నాడు. పింఛను కాగితాలన్నీ తనే చూశాడు, ఎవరినీ చూడనివ్వలేదు. వదిన కొండకి వీపు పెట్టి కూర్చున్నప్పుడల్లా తన వీపు కాలినట్టుంటుందన్నాడు. ఆమె బదులు తనే ఏటా కొండెక్కి దణ్ణం పెట్టుకుని వస్తాడట.

ఆఖర్న ఇంకో మాట. మా యన్న ఆరు దినాలు ఎక్కువ బతికినాడు మేడం, అది నేను తీసేసినా అన్నాడు. ఆ ఆరు రోజుల్లో అన్న ఒక ఉత్తరం కూడా రాశాడు, వదిన పేరు మీద. 18వ తేదీ వేసుంది. జనవరిలో వచ్చింది. ఇస్తే అబద్ధం బయటపడుతుందని పెట్టె అడుగున దాచేశాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

మునిరత్నమ్మ ఆదివారం కొండెక్కానని చెప్పింది నాకే. రాసుకున్నది ఈ డైరీలోనే. ఈ మూడో తేదీన బోర్డు మీద 16, 22 వేసినప్పుడు మధ్యలో ఉన్న ఆ ఆదివారం నాకు కనిపించలేదు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడగడం నేర్పాను. ఎవరు చదివి వినిపించారు, అప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉన్నారు అని అడగడం నాకే తెలియదు.

మా నాయన తేదీ కూడా గుర్తొచ్చింది. జూలై ఒకటి. ఆ కాలంలో ఏ తేదీ తెలియకపోయినా మా టీచర్లే జూలై ఒకటి అని వేసేసేవారు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఎన్ని రికార్డుల్లో చూశానో ఆ తేదీ. ఆయన నిజంగానే ఆగస్టు పదిహేనున పుట్టాడేమో. అడగడానికి ఇప్పుడు లేడు.

డిసెంబరు 8, సోమవారం

కార్యక్రమం ఆపేద్దామన్నాను. హెచ్.ఎం. ఒప్పుకోలేదు, ఎం.ఇ.ఓ. వస్తున్నారట. కోమలిని పక్కకి పిలిచి అంతా చెప్పాను. పద్నాలుగేళ్ల పిల్లకి చెప్పకూడని విషయమే, కానీ చెప్పకుండా అడిగేదెలా. తేదీ దగ్గర పదహారు అని చదువు తల్లీ అన్నాను. మీరే గదా టీచర్ కాగితంలో తేదీనే ఒప్పన్న్యారు అంది. అవును, నేనే అన్నాను. చాలాసేపు గోడ గీరింది. తాత గూడా అప్పుడు తొమ్మిదో తరగతే గదా టీచర్ అని, సరే అని తల ఊపి వెళ్లింది.

డిసెంబరు 12, శుక్రవారం

కోమలి నాకు మూడుసార్లు చదివి వినిపించింది. మూడుసార్లూ పదహారు దగ్గర ఆగి నా వైపు చూసింది.

డిసెంబరు 16, మంగళవారం. సాయంత్రం 6.10.

మునిరత్నమ్మ తెల్లచీర కట్టుకుని, గుడ్డలో చుట్టిన టెలిగ్రాంని రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. స్టేజీ మీద ఎం.ఇ.ఓ. పక్కన కూర్చోబెట్టాం. కోదండం వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు.

కోమలి బాగా చదివింది. ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. డిసెంబరు పదహారో తేదీన వీరమరణం పొందినారు అంది. ఆగలేదు, నా వైపు చూడలేదు.

మొదటి వరసలోంచి నిస్సీ లేచింది. కాదు టీచర్, ఇరవై రెండు, మీరే బోర్డు మీద రాసినారు గదా, పదహారు ఇంట్లోవాళ్లకి గుర్తుండే తేదీ, కాగితంలో ఉండేది ఇరవై రెండు అంది. నోట్సు తెరిచి చూపిస్తోంది. ఎర్ర ఇంకు. వెనకనుంచి ఇంకో నలుగురైదుగురు అవును అవును అన్నారు. నేను నేర్పిన పాఠం నా పిల్లలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పారు. కూర్చో నిస్సీ అన్నాను.

మునిరత్నమ్మకి మొదట అర్థం కాలేదు. కోమలిని చూసింది. కోమలి తల దించుకుంది. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గురువారం, శుక్రవారం, శనివారం. మైకు ఆమె ముందే ఉంది కాబట్టి అందరికీ వినిపించింది. ఆదివారం దగ్గర వేలు ఆగిపోయింది.

వెనక వరస వైపు చూసి, కోదండా, ఆదివారం ఉన్న్యాడా అని అడిగింది.

అతను లేచి నిలబడ్డాడు. తల ఊపాడు.

నేను అలిపిరి మెట్లెక్కతా ఉన్నెప్పుడు ఉన్న్యాడా అని మళ్లీ అడిగింది. మళ్లీ తల ఊపాడు. ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచి తన తల మీద ఆనింది.

హెచ్.ఎం.కి ఏమీ అర్థం కాక, ఇదేదో గొప్ప ఘట్టమనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. మూడు వందల మంది పిల్లలు కొట్టారు. ఫోటో యాప్‌లో ఎక్కేసింది.

డిసెంబరు 17, బుధవారం

కోమలి చెప్పింది. పెద్దవ్వ నిన్న పెద్దలకు పెట్టే అన్నం పెట్టలేదు. ఈ పొద్దు ఆయన ఉన్న్యాడు, ఉండే మనిషికి పిండం పెడ్తారా అందట. తాత పెట్టె తెరిచి ఉత్తరం తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. పొద్దున లేచేసరికి పెద్దవ్వ గాజులు తొడుక్కుని ఉంది.

డిసెంబరు 18, గురువారం

నేను తప్పు జేసినానా టీచర్ అని నిస్సీ అడిగింది. లేదు, నువ్వు సరిగ్గానే చెప్పావన్నాను. ఏడ్చింది. పదికి పది వేశాను. వేస్తే ఇంకా ఏడ్చింది.

డిసెంబరు 20, శనివారం. సాయంత్రం 7.00.

మునిరత్నమ్మ రమ్మని కబురు పంపింది. వెళ్లాలంటే భయమేసింది. వెళ్లాను.

రెండు చేతులకీ ఆకుపచ్చ గాజులు. నుదుటిన ఇంత కుంకుమ. తలలో కనకాంబరాలు. డెబ్భై మూడేళ్ల మనిషి. వీధిలో ఆడవాళ్లు గుంపులుగా నిలబడి, మతి పోయిందని గుసగుసలాడుతున్నారు. ఆమె వాళ్లని పట్టించుకోవడం లేదు. పొయ్యి మీద అనప గింజలు పితికిన పితికిపప్పు కూర ఉడుకుతోంది. రోజూ ఆయన పేరున ఒక కంచం పెడుతోందట. పెద్దలకు పెట్టినట్టు ఆకులో కాదు, కంచంలో.

పదహారో తేదీనుంచి బొట్టు పెట్టుకోని తిరిగిందంతా సచ్చినోని పేరున తిరిగినా అనుకుంటి మేడం, ఇన్నేండ్లూ అదే సిగ్గు, ఇప్పుడు సూస్తే ఉన్న్యాడు, ఈ దినాలు నావి అంది.

కోదండం పశువుల కొట్టంలో మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. నాలుగు రోజులుగా ఆమె అతనితో మాట్లాడలేదు. తేదీ మార్చినందుకు కాదట. చిన్నపిల్లోడు, నన్ను కాపాడినాడు, ఆ ఉత్తరం మాత్రం నాది, అది నాకియ్యాల్సింది అంది. అయినా కంచంలో అన్నం పెట్టి కోమలి చేత కొట్టానికి పంపుతోంది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగింది. నేను తల ఇచ్చినందుకేనా మేడం. కాదమ్మా, మందుపాతర పేలింది, కాగితంలో ఉంది అన్నాను. నా తల వల్ల కాదని ఉండాదా కాగితంలో అంది. ఆ మాట ఏ కాగితంలోనూ ఉండదు. ఆమెకి నా జవాబు అక్కర్లేకపోయింది. ఇన్నేండ్లూ ఆ స్వామి మింద ఏసినా, ఇంగ నా మింద ఏసుకుంటా, పాపం ఆయన మోసం జెయ్యలేదు గదా అంది. కోదండం యాభై నాలుగేళ్లు అడ్డం పెట్టి ఆపినదాన్ని నేను నెల రోజుల్లో ఇంట్లోకి తెచ్చాను. ఏడుపొచ్చింది. ఆమె ముందే ఏడ్చాను.

అప్పుడు ఉత్తరం తీసి నా చేతికిచ్చింది. ఇంకా వినలేదట. ఈ ఇంట్లోవాళ్లు సదివేది ఇంగ వొద్దు, నువ్వయితే ఉండేది ఉన్నట్టు సదువుతావు అంది. కోమలి నా భుజం పక్కన నిలబడింది.

నీలం రంగు ఇన్‌లాండ్ లెటర్. మడతల దగ్గర చిరిగింది. చదివాను.

చి.ల.సౌ. మునిరత్నమ్మకు సుబ్రమణ్యం వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీ అందరి క్షేమం తెలియజేయవలెను. నిన్న రాత్రి ఎనిమిది గంటలకు యుద్ధం ఆపివేసినారు. నాకు ఏమియు కాలేదు. ఇక్కడ చలి చాలా జాస్తి. మేము పాతిన మందుపాతరలు మేమే తియ్యవలెనట, నెల దినముల పని. అది కాగానే సెలవు ఇస్తామన్నారు. శివరాత్రికి వస్తాను. రొట్టెలు తిని తిని నాలుక చచ్చినది. అనపకాయలు ఇంకా ఉన్నవా, అయిపోయినవా. కోదండాన్ని ఇంగ్లీషు బాగా చదవమని చెప్పుము.

పశువుల కొట్టం వైపు నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

అంతేనా అని అడిగింది. అంతే అన్నాను.

అంతే కాదు. అనపకాయల మాటకీ కోదండం మాటకీ మధ్య ఇంకో లైను ఉంది. అమ్మ ఏమి చెప్పినా ఎదురు చెప్పవద్దు, ఆమె మాట విను. 18వ తేదీ రాశాడు. మర్నాడే ఈమె అత్త మాట వినకుండా అలిపిరి మెట్లెక్కింది.

ఆ లైను కంటికి కనబడగానే నోరు దాన్ని దాటేసింది. ఆలోచించడానికి కూడా టైమ్ పట్టలేదు. కోదండానికీ పట్టి ఉండదు.

కోమలి చూసింది. లైను మీదే ఆ పిల్ల కళ్లు ఉన్నాయి, నాకు తెలుసు. నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, మడిచి, పెద్దవ్వకి ఇచ్చింది.

మునిరత్నమ్మ నన్ను పితికిపప్పు తినకుండా పంపలేదు. ఉప్పు ఎక్కువైంది. ఆమె కూడా రుచి చూసి, ఆయనకి ఉప్పు జాస్తిగా ఉండాల అంది.

డిసెంబరు 22, సోమవారం

స్కూలుకి వెళ్లాను, వచ్చాను. ఎవరినీ ఏమీ అడగలేదు.

డిసెంబరు 23, మంగళవారం

కోమలి రాలేదు. చీటీ పంపింది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

గౌరవనీయులైన క్లాస్ టీచర్ గారికి, నమస్కారములు. మా పెద్దతాత సుబ్రమణ్యం గారు నిన్న అనగా 22వ తేదీన చనిపోయినందువలన మా ఇంట్లో మైల. కావున నాకు పది దినములు సెలవు ఇవ్వవలసినదిగా కోరుచున్నాను. ఇట్లు, కోమలి, తొమ్మిదవ తరగతి.

పెద్దల సంతకం చోట వేలిముద్ర ఉంది.

మంజూరు చేశాను.